బ్యాటరీ మీద రైలు

ఈసారి కరెంటు పోతే ఆశ్రిత పరువు పోతుంది.

తొమ్మిదేళ్ల పిల్లకు పరువేమిటని ఎవరైనా అనుకోవచ్చు. వాళ్ల నాన్న మహేందర్ మాత్రం అనుకోలేదు. కూతురి కోసం తనే కూర్చుని ఒక రైలు ఆట తయారుచేశాడు. అది నడిచేది అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ మీద. ముచ్చటపడి హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాడు. దానికి ఒకటే జబ్బు. నడుస్తుండగా కరెంటు పోయిందా, మెమరీ కార్డు పాడై ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

2013 ఎండాకాలం. ఎల్లారెడ్డిలో కరెంటుకు వేళాపాళా లేదు. ఆట రెండుసార్లు పోయింది. రెండోసారి ఆశ్రిత స్నేహితురాళ్లు ఎదురుగానే ఉన్నారు. "మీ బాపు చేసింది ఉత్త డబ్బా" అని నవ్వి వెళ్లిపోయారు. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. ఇవాళ మళ్లీ వాళ్లనే పిలిచింది.

అందుకే మహేందర్ కామారెడ్డి వెళ్లి ఆటో బ్యాటరీ కొనుక్కొచ్చాడు. కార్లలో ఫోన్‌కి పెట్టే చార్జర్ ఒకటి మధ్యలో తగిలించి, కంప్యూటర్‌ను దానికి కలిపాడు. ఆట కనబడే తెర కోసం, బ్యాటరీతో నడిచే పాత పోర్టబుల్ టీవీని అటక మీంచి దించాడు. ఇక కరెంటు పోయినా రైలు ఆగదు. ఆగకూడదు.

"కరెంటు తీసేటోని చేతులిరుగ!" భార్య రేఖ టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ అంది. "ముందుగాల ఒక్క ఫోన్ చేస్తే వాని సొమ్మేం పోతది?"

"వానికి పైనుంచి ఫోనొస్తది. తియ్యమనంగనే తియ్యాలె. ఇల్లిల్లుకు చెప్పుకుంట కూసుంటడా?"

"అబ్బో, వాని మీద ఎంత పాయిరమో!"

పిండి గిర్నీ లక్ష్మీరాజం గోడ మీంచి తొంగిచూశాడు. "మహేందరన్నా, బిడ్డ ఆటకైతే బ్యాటరీ పెడ్తివి. మా గిర్నీకి గూడ ఒకటి పెట్టరాదె!"

"నీ గిర్నీకైతే లారెడు బ్యాటరీలు తేవాలె" అని నవ్వేసి, డబ్బా పట్టుకుని మహేందర్ పనికి బయలుదేరాడు.

మనసు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. వైరు వదులైతే? బ్యాటరీ సరిగ్గా నిండకపోతే? మధ్యాహ్నం ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"వచ్చిండ్రా బిడ్డా?"

"అందరు వచ్చిండ్రు బాపూ. రైలు నడుస్తుంది. ఇంకా కరెంటు పోలే."

"ఫోన్ పెట్టెయ్యకు. చూసుకుంట ఉండు."

అటువైపు పిల్లల గోల. వెనక ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది. ఉన్నట్టుండి ఆ కిర్రు ఆగిపోయింది.

"పాయె!" అంది ఎవరో పిల్ల.

మహేందర్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"బాపూ!" ఆశ్రిత గొంతు చెవులు చిల్లులు పడేలా మోగింది. "ఫ్యాన్ ఆగింది గని రైలు ఆగలే!"

మహేందర్ హాయిగా నవ్వుకుని, సబ్‌స్టేషన్‌లో ఎల్లారెడ్డి టౌన్ స్విచ్ మీంచి చేయి తీసి, పక్క ఊరి కరెంటు కూడా తీసేశాడు.