సగం వెలుతురు

"నాన్నా, కార్ల గింత చీకటున్నదేంది?"

వెనక సీట్లోంచి మహిమ అడగడం అప్పటికి మూడోసారి.

"అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉన్నది గద బిడ్డా. మొన్న సేటు ఏపిచ్చిండు," అన్నాడు శాంతికుమార్, వెనక్కి తిరగకుండానే.

ఆ ఫిల్మ్ వేసిన రోజు "మన కారు కూలింగ్ గ్లాసులు పెట్టుకుంది" అని చప్పట్లు కొట్టింది ఈ పిల్లే. ఇప్పుడు తల్లి ఇన్నమ్మ ఒడిలో పెనంలా కాలిపోతోంది. ములకలపల్లి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, మలేరియా మెదడుకెక్కింది, భద్రాచలం తీసుకుపొమ్మన్నాడు. తాను నడిపే సేటు కిరాయి బండే దిక్కయింది.

పాల్వంచ దాటి అడవిలో పడ్డాక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. నక్సలైటు అన్నలు తిరిగే దారిలో నల్లద్దాల బండి కనబడితే పోలీసులకు ముందు తుపాకీయే గుర్తొస్తుంది.

ఎస్సై తలుపు తీయించి పిల్లను చూశాడు. మెత్తబడ్డాడు గానీ గేటు ఎత్తించలేదు.

"పక్కద్దాలల్లకెంచి సగం వెలుతురన్న లోపలికి పోవాలె. అది రూలు. ఫిల్మ్ పీకి పో."

"వచ్చేటప్పుడు పీకుత సార్. చలానా రాయుండ్రి."

"చలానా ఒద్దయ్యా. పిల్లను చూసే అడుగుతలేను."

"బండి సేటుది సార్."

"సేటుకు నేను చెప్త."

"వెలుతురొస్తే పిల్ల తట్టుకోలేదు సార్."

ఎస్సై కళ్ళు చిన్నవయ్యాయి. "పిల్ల పాణం మీదికొచ్చిందంటవు. పీకితే అయిపోయేదానికి ఇంతసేపు బతిమాలుతవు. అద్దాలెనక ఏం దాస్తున్నవ్?"

సీట్ల కింద, డిక్కీలో వెతికించాడు. ఓ తడి తువ్వాల, మంచినీళ్ళ సీసా, ఇన్నమ్మ బైబిలు దొరికాయి. అనుమానం మాత్రం పోలేదు.

శాంతికుమార్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. పరువు మర్యాదలు తలచుకునే స్థితిలో లేడు.

"లైసెన్సు ఉంచుకోండ్రి సార్. రేపు బండే తెచ్చి అప్పజెప్త. దవాఖాన దాకా ఆ ఫిల్మ్ ఒక్కటి ఉండనియ్యుండ్రి."

లోపలి నుంచి ఇన్నమ్మ నీరసంగా అంది. "తీయనియ్యయ్యా. ఎంతసేపని ఆపుతవు?"

ఎస్సై సైగ చేశాడు. కానిస్టేబుల్ జగదీష్ బ్లేడు తీసుకుని అద్దాన్ని గీకడం మొదలుపెట్టాడు. అంత గట్టి మనిషీ, శాంతికుమార్, రోడ్డు మీదే కూలబడి తల పట్టుకున్నాడు.

గరగర చప్పుడుకు మహిమ కదిలింది. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

"ఫిల్మ్ తీస్తున్నరా నాన్నా?"

"అవ్ బిడ్డా."

"కోతులు కనిపిస్తే చెప్పకు. నేనే చూసి చెప్త."

జగదీష్‌కూ ఇంటి దగ్గర చిన్నపిల్ల ఉంది కాబోలు, గబగబా గీకాడు. నాలుగద్దాలూ శుభ్రమయ్యాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఇన్నమ్మ ఒడి నిండా పడింది. గేటు లేచింది. ఆ చప్పుడుకు పక్క చెట్టు మీది కోతులు గుంపుగా కారు ముందుకే దూకాయి.

శాంతికుమార్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు గానీ తాళంచెవి తిప్పలేదు. వెనక నుంచి మాట వస్తుందని తెలుసు. వచ్చింది.

"ఫిల్మ్ ఎప్పుడు తీస్తరు నాన్నా?"