స్వాగతోపన్యాసం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ దుకాణానికి నెల రోజులుగా ఒక్క ఫోనూ రాలేదు. ఇలాగే సాగితే దుకాణం మూసివేయక తప్పదు. లోపం వెబ్‌సైటులో ఉన్నదని కోడలూ, లోకంలో ఉన్నదని యజమాని అయిన మామగారూ వాదించుకుంటున్నారు.

“మామయ్యా, మన పేజీ తెరిస్తే ముందు సంగీతం, ఆ తరవాత మీ స్వాగతోపన్యాసం. వచ్చినవాళ్లు నంబరు దొరక్క వెనక్కి పారిపోతున్నారు. అది కనిపెట్టి సెర్చింజన్ మనల్ని ఐదో పేజీకి తోసేసింది.”

“నాలుగు మంచి మాటలు చదివే ఓపిక లేనివాళ్లకు మిషనెందుకమ్మా?”

“సరే, మీరే కస్టమరనుకోండి. సెర్చిలో వెతికి మన దుకాణానికి ఫోన్ చేయండి. ఐదు నిమిషాల్లో ఇక్కడి ఫోను మోగితే మీ ఉపన్యాసం జోలికి రాను.”

కోడలు దుకాణం ఫోను ముందు కూర్చున్నది. మామగారు సెల్‌ఫోనుతో పక్కగదిలోకి నడిచారు. సంగీతం వినిపించింది. కొంతసేపటికి ఆయన విసుక్కోవడమూ వినిపించింది. పిమ్మట ఆయన కంఠం ఖంగుమన్నది.

“హలో! మా మిషను సూది ఇరుక్కుపోయిందండీ. అడ్రసు రాసుకోండి!”

ఆయన గర్వంగా తిరిగివచ్చారు.

“చూశావా? నాలుగే నిమిషాలు! వెనక్కొచ్చి మళ్లీ నొక్కితే నంబరు పైనే ఉంది. మగగొంతు పెట్టి భలే మాట్లాడావమ్మా!”

“ఇక్కడ ఫోను మోగనేలేదు, మామయ్యా.”

ఆయన సెల్‌ఫోనులోకి తొంగిచూశారు. తెరమీద పక్కవీధి మిషన్ల రిపేరు దుకాణం పేరున్నది.

“అయ్యో, వాళ్ల మనిషి పది నిమిషాల్లో వస్తానన్నాడే! ఏం పాడైందని చూపించను?”

“మన వెబ్‌సైటు చూపించండి.”