ఇంటికో మనిషి

"ఎత్తక్కా, జర ఇంకింత పైకి" అంది శృతి. రుక్కి అని పిలిస్తే వచ్చినామె చెయ్యి భుజం దాకా వచ్చి అక్కడే మొరాయించింది.

పొద్దున జనగామలో బస్సెక్కినప్పటి నుంచి శృతి కాలు ఒకచోట నిలవలేదు. పత్తి ఏరే ఆడవాళ్ల మెడ, భుజం నొప్పుల మీద ఆమె చేస్తున్న పరిశోధనకు ఇవాళే ఆఖరి కొలతలు. వానాకాలంలో ఈ తండాలో చెయ్యి పైకి లేవని వాళ్లను ఇంటికొకరిని ఎంపిక చేయించి, కసరత్తులు నేర్పించింది. నేర్పినవాళ్లే కొలవకూడదన్నది నియమం. అందుకే ఎంచే పని, నేర్పే పని స్నేహితురాలు నిర్మల చూసుకుంది. శృతి తండాకు రావడం ఇదే మొదలు.

"చేతులు మొగులుకు తగుల్తున్నయే, వచ్చి చూస్కో" అని నిర్మల నిన్న ఫోన్లో ఊరించింది. ఇక శృతి సంబరం చూడాలి. కొలతలు బాగుంటే ఈ కసరత్తులు బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పోతాయి. లేకపోతే ఇక్కడితో సరి. పరిశోధన చూస్తున్న మేడమ్ ఆ మాట ముందే చెప్పేశారు.

తండా చుట్టూ పత్తి చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. బదులు ఏరుళ్లు జోరుగా సాగుతున్నాయి. ఇవాళ మీ చేనికి మా ఇంటి మనిషి, రేపు మా చేనికి మీ ఇంటి మనిషి. వచ్చింది అత్తా, కోడలా అని ఎవరూ అడగరు. మనిషికి మనిషి, లెక్క చెల్లు.

రుక్కి అయ్యాక శృతి దీపను పిలిచింది. లేచి వచ్చినామె చెయ్యి భుజం దాకా కూడా రాలేదు. ఆ తర్వాతి ఆమెను మెడ తిప్పమంటే ఒళ్లంతా తిప్పింది. పిలిచిన ప్రతి పేరుకూ ఒక మూలుగే జవాబైంది. శృతికి ఏడుపొక్కటే తక్కువ. మహబూబాబాద్ పోయిన నిర్మలకు ఫోన్ చేసి నాలుగు అంటించింది. అందరూ కసరత్తులు చేశారని నిర్మల ఒట్టేసింది. మొన్ననే రుక్కి అటక మీది గంప దించడం కళ్లారా చూశానంది.

శృతి తిరిగొచ్చి మొదటామె ముందు కూలబడింది.

"నిజం చెప్పక్కా. కసరత్తులు చేసినవా, లేదా?"

"నేనెందుకు చేస్త? చేసింది రుక్కి."

"నువ్వు రుక్కివి కావా?"

"రుక్కి మా మరదలు. ఇంటికో మనిషి రావాలంటిరి గద, వచ్చినం. ఇంటి లెక్క చెల్లాలె, ఎవరొస్తే ఏంది?"

శృతి ఆశ చావక, అసలు రుక్కి ఎక్కడుందని, మిగతావాళ్లంతా ఎక్కడున్నారని అడిగింది.

ఆమె గడ్డంతోనే చేలవైపు చూపించి విసుక్కుంది. "చేతులు లేచినోళ్లంత పత్తి ఏరవోయిండ్రు బిడ్డా. లేవనోళ్లం మేమే ఇంటికాడ మిగిలినం."