అద్దంలో ఎర్ర స్వెట్టరు

సిడ్నీ నుంచి పెర్త్‌కు బయలుదేరిన రోజే మా తమ్ముడు డార్సీ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"కీర్తనలు చదివినట్టు రోడ్డు మీది బోర్డులన్నీ పైకి చదువక్కా. లేకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది" అన్నాడు. వెనక సీట్లో వాడి పిల్లలు పకపకా నవ్వారు. దారంతా చదివాను.

నల్లార్‌బోర్ మైదానంలో, సముద్రం చూపిస్తానని పక్కదారి పట్టాడు. ఆ మట్టిదారి నిలువు కొండ అంచున ఆగిపోయింది. కారు వెనక మేం రాత్రిళ్లు పడుకునే క్యాంపర్ ట్రైలర్ తగిలించి ఉంది, తిప్పడానికి చోటు లేదు. రివర్స్ చేయడమొక్కటే దిక్కు.

అలాంటప్పుడు ఒకరు దిగి, డ్రైవరుకు అద్దంలో కనబడేచోట నిలబడి చేతులతో దారి చూపాలి. ప్రభువును తలచుకుని, ఎర్ర స్వెట్టరుతో ట్రైలర్ పక్కన నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. రెండు చేతులూ ఊపాను.

బండి కదల్లేదు.

"ఏరా, లంగరేశావా?" అని అరిచాను.

"ముందు నువ్వొచ్చి నిలబడవే తల్లీ! ఎక్కడున్నావు?"

అద్దంలో వాడి ముఖం నాకు కనబడుతూనే ఉంది. సూటిగా నా వైపే చూస్తున్నాడు.

వెళ్లి తలుపు తీసి, తాళాల కోసం చెయ్యి చాచాను. ట్రైలర్ తగిలించిన బండి నడపడం నాకు రాదు, అయినా సరే.

"పిల్లలకు చెప్పకక్కా" అన్నాడు మెల్లగా.

నేను చదివిన బోర్డులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ముందు మలుపు ఉంది. ఒంటెలు దాటుతాయి. వేగం తగ్గించండి.