గంప కింది చీమ

ఆ రోజు ఇంట్లో నీలమ్మ ఉంది. ఆమె భర్త అంజిలయ్య ఉన్నాడు. ఆదిభట్ల కంపెనీ బస్సు నడిపే కొడుకు బాలేష్ సెలవు పెట్టి ఉన్నాడు. అంజిలయ్య అక్క సీతాబాయి మంచాల అనే ఊరి నుంచి వచ్చి ఉంది.

ఉజ్వల ఉందో లేదో గంప తీసి చూడాలి.

నీలమ్మ కూతురు ఉజ్వల చనిపోయి మూడో రోజు. ప్రాణం పోయిన చోట నిన్న పిండి జల్లించి గంప బోర్లించారు. పొద్దున పిండిలో ఏ అడుగులు కనిపిస్తే, పోయినవాళ్లు ఆ జన్మ ఎత్తినట్లు.

సీతాబాయి గంప ఎత్తింది.

పిండి నిండా దారం పరిచినట్లు సన్నని జాడ. ఆ జాడ చివర ఒక పెద్ద నల్ల చీమ. వెనక భాగం మీద బంగారు రంగు నూగు.

“అయ్యో, చీమై పుట్టిందే!” అంది సీతాబాయి.

నీలమ్మ ఏడవలేదు. బెల్లం ముక్క తెచ్చి చీమ ముందు పెట్టింది.

“తిను బిడ్డా. జ్వరంల ఏం తినకపోతివి.”

అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. భుజాన సంచితో ఒక యువతి.

“ఉజ్వల ఉందా అండీ?”

“ఎవరు నువ్వు? ప్లాట్లు చూపిస్తనని వచ్చినవా?” అంది సీతాబాయి. “ఇయ్యాల గాదు, పో.”

“కాదమ్మా. నేను చీమల మీద చదువుతున్నాను.”

“చీమల మీద సదువా! మా బర్రె మీద ఎవ్వరు సదువుతలేరా?”

“మీ దర్వాజ చెక్కలో చీమలున్నాయని ఉజ్వలే ఫొటో పంపింది. వచ్చి చూడక్కా అంది. రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.”

అంజిలయ్య వాకిట్లోకి వచ్చాడు.

“బిడ్డ లేదమ్మా,” అన్నాడు అంజిలయ్య. “దవాఖానకు తీస్కపోయినం. దక్కలే.”

ఆ యువతి సంచి దించి గుమ్మంలోనే కూర్చుంది. కాసేపటికి అంజిలయ్యే నీళ్లిచ్చి లోపలికి పిలిచాడు.

“ఏం చీమలమ్మా అవి? గంత దూరం నుంచి వచ్చినవ్?”

“వడ్రంగి చీమలు. కట్టెను తినవు, తొలిచి అందులో కాపురముంటాయి. ఈ బంగారు నూగుది శ్రీలంకలో ఉంది, బర్మాలో ఉంది, అస్సాంలో ఉంది. మన దిక్కు ఉందని ఎవరూ రాయలేదు. మొదట చూసింది మీ ఉజ్వలే. పెద్దతలవి ఒక జాతి, చిన్నతలవి ఒక జాతి అంటారు. రెండూ ఒక్క తల్లి పిల్లలేనని నాకనిపిస్తుంది. ఇక్కడిది ఒక్క చీమ దొరికితే, నా దగ్గరున్నవాటితో పోల్చి తేల్చేయొచ్చు. ఏళ్లుగా దీనికోసమే తిరుగుతున్నాను.”

సంచిలోంచి చిన్న గాజు గొట్టాలు తీసి చూపించింది. మందునీళ్లలో చీమలు తేలుతున్నాయి.

నీలమ్మ తొంగి చూసింది.

“గివన్ని సచ్చినయే?”

“అవునమ్మా.”

నీలమ్మ కొంగు తీసి పిండి మీదికి అడ్డం పెట్టింది.

“ఇది చీమ గాదు. నా బిడ్డ.”

ఆ యువతి పిండిని చూసింది, పక్కన పెట్టిన గంపను చూసింది. గొట్టాలన్నీ సంచిలో పెట్టేసింది.

చీమ బెల్లం వదిలి దర్వాజ వైపు నడిచింది. తన ఇల్లు అక్కడే కదా.

ఆ యువతి చూపు చీమ కంటే ముందు దర్వాజ దగ్గరికి పోయింది. చెక్క మొదట్లో తెల్లటి గీత. గీత పక్కన కాళ్లు ముడుచుకుని నల్లటి చీమలు.

వేలితో తాకి వాసన చూసింది.

“అమ్మా, అటు పోనివ్వకండి!”

సంచిలోంచి ఖాళీ గొట్టం లాగి చీమ మీద బోర్లించింది. చీమ లోపలికి ఎక్కింది.

“నా బిడ్డను పట్టింది!” నీలమ్మ అరిచింది. “సీసల ఏసి సంపుతది!”

“ఇందులో మందు లేదమ్మా. ఆ తెల్లది పిండి కాదు, చీమల మందు. బయట చెట్టు మీద వదిలేస్తాను. మీ కళ్ల ముందే వదిలేస్తాను. నాకొద్దు ఈ చీమ.”

“జల్లెడల కెల్లి రాలిన పిండి మాకు తెల్వదా? దొంగ సదువులదానా!” సీతాబాయి ఆమె చెయ్యి పట్టి గుమ్మం అవతలికి నెట్టింది.

నీలమ్మ గొట్టం లాక్కుంది. దర్వాజ పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా ఒంపింది.

“పో బిడ్డా. నీ ఇంట్లకు నువ్వు పో.”

బయట నుంచి ఆ యువతి బాలేష్‌ను బతిమాలింది.

“అన్నా, మీరైనా వాసన చూడండి. ఒక్కసారి.”

బాలేష్‌కు వాసన చూడాల్సిన పని లేదు. చెల్లెలికి చీమ జన్మ రాకూడదని, నిన్న గంప బోర్లించకముందే ఆ మందు చల్లింది అతనే.

తల్లి వైపు చూశాడు. ఆమె వేలితో చీమకు దారి చూపిస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో కాస్త నెమ్మది ఉంది.

గుమ్మం దగ్గరికి నడిచి తలుపు పట్టుకున్నాడు. 

“నువ్వు పో అక్కా,” అన్నాడు చివరికి.

ఆ ఇంటికి వచ్చినవాళ్లలో చీమై వచ్చిన ఉజ్వలను బతికించాలని చూసింది ఆమె ఒక్కతేనని తెలిసీ, ఆమె ముఖం మీదే తలుపు మూశాడు.