పురుగు తొలిచిన పేజీలు

"సంచి ఇలా ఇవ్వు."

శ్రీరామమూర్తి గొంతు హాలంతా వినిపించింది. చదువుకునేవాళ్లు తలలెత్తి చూశారు.

పాత పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించడం కొత్తగా మొదలైన రోజులవి. శాలిబండలోని ఆ గ్రంథాలయానికి ఆయన పెద్ద. మరెక్కడా ప్రతి లేని పాతబస్తీ చరిత్ర పుస్తకమొకటి అక్కడుంది. అందులో చాలా పేజీలు లేవు. సోమవారం పైఅధికారులు వస్తున్నారు. అరకొర పుస్తకాన్ని వాళ్లు పక్కన పడేస్తారు, ఆపైన అది చెదలపాలే. పేజీల దొంగ దొరికితే గానీ ఆయనకు కంటిమీద కునుకు లేదు.

ఇదిగో, దొరికింది. కొన్నాళ్లుగా వచ్చి ఆ ఒక్క పుస్తకమే అడుగుతూ, కిటికీ దగ్గర కాగితాలు వెలుగుకు పట్టి చూసే ముసలామె, రుక్మాబాయి.

సంచిలోంచి పాత కాగితాలు బయటపడ్డాయి.

"ఏవిటివి?"

"గా పుస్తకంలయే సారూ."

"విన్నారుగా? తన నోటితోనే చెప్పింది."

"జర పక్కకు రాండ్రి సారూ, చెప్త."

"పక్కకెందుకు? అందరి ముందే చెప్పు."

రుక్మాబాయి చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. తల అడ్డంగా ఊపింది.

"దొంగతనానికి సిగ్గు లేదు గానీ చెప్పడానికి సిగ్గా? పోలీసుల్ని పిలవకముందే వెళ్లు. మళ్లీ ఈ గడప తొక్కకు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగింది. సంచి బల్ల మీదే ఉండిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు గానీ, మర్నాడు కూడా కాలుగాలిన పిల్లిలా హాల్లోనే తిరిగాడు.

స్కానింగ్ చేసే హరిప్రియ పిలిచింది.

"సర్, పోయిన నెల ఈ పుస్తకం సగం స్కాన్ చేశాను కదా. అప్పుడు ఈ పేజీలు లేవు. ఇప్పుడున్నాయి."

"అంటే?"

"మన పుస్తకంలో పేజీలు తగ్గలేదు సర్. పెరిగాయి."

కొత్తగా చేరిన పేజీల నిండా పొట్లం మడతలు, పసుపు మరకలు. సంఖ్యలున్న అంచులు చిరిగిపోయాయి. అయినా పురుగు తొలిచిన బొక్క పై పేజీ నుంచి కింది పేజీకి సరిగ్గా కలిసింది. రుక్మాబాయి కిటికీ దగ్గర వెలుగుకు పట్టి, ఏ పేజీ ఎక్కడిదో పోల్చుకున్నది ఆ బొక్కలతోనే.

ఆయన సంచి తీసి చూశాడు. సంచి మీద బేగంబజార్ కిరాణా దుకాణం పేరుంది. ఆటో ఎక్కాడు.

దుకాణంలో సేట్ రామ్‌చందర్ మిరపకాయలు పొట్లం కడుతున్నాడు.

"రుక్మాబాయా? మా తాన పొట్లాలు కట్టేది. రద్దీ కాయితాలల్ల, కట్టిన పొట్లాలల్ల ఒక పాత పుస్తకానియి కనబడితే ఏరి పక్కకు వెట్టుకునేది. నిన్న మాపటికి వచ్చి, మిగిలినయి గూడ పొట్లాలకే వాడుకో సేట్ అని ఇచ్చి పోయింది. ఇగ రాదంట."

"అవేవి?"

"పొద్దుగాల సంది గిరాకీ మస్తు. అన్నీ అయిపోయినయి."

శ్రీరామమూర్తి అక్కడున్న పొట్లాలన్నీ తిరగేసి చూశాడు.

"అసలా కాగితాలు ఇక్కడికెలా వచ్చాయి?"

"శాలిబండ లైబ్రరీ రద్దీ కాయితాలు సార్. స్కానింగోళ్లు వస్తున్నరు, చిరిగినయి హాల్ల కనబడొద్దు, అమ్మేయుండ్రని ఆడున్న పెద్దసారే పంపిచ్చిండు."

ఆ మాట అన్నది తానే. ఏ పుస్తకానివో చూడకుండా చెత్త అనుకున్నాడు.

"ఆ సంగతి ఆమె ఆయనకే చెప్పొచ్చుగా?"

"నేను గదే అన్న సార్. నలుగుట్ల చెప్తే సారు ఇజ్జత్ పోతది, ఎవ్వరికి ఎర్కలేకుంట నేనే మల్ల వెట్టొస్త అన్నది."