కాన్పు దాకా

"ఏప్రిల్ తొమ్మిది. ఆ రోజు బ్రెడ్డు, ఉడికించిన బీట్‌రూట్ తిన్నాను. విరేచనం ఎర్రగా పడితే దానివల్లే అనుకున్నాను," అని సర్జన్‌కి చెప్పింది కోడలు.

ఆ తర్వాత చూసినవాళ్లంతా మొలలన్నారు. కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేనన్నారు. అత్తగారు మాత్రం వినలేదు.

"ఐరన్ మాత్రలు మింగుతుంటే రక్తం పెరగాలి గానీ తగ్గుతుందేం?" అంది.

"మా అమ్మకి డాక్టరు బోర్డొక్కటే తక్కువ," అని నవ్వాడు కొడుకు.

"నవ్వింది చాలు, బండి తియ్."

కెమెరా గొట్టంతో చూస్తే పెద్దపేగులో గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్.

సర్జన్ తన కుర్చీ కోడలి పక్కకి జరుపుకుని కూర్చుంది. "ఐదో నెలే కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ చేయొచ్చమ్మా. బిడ్డకేమీ కాదని ఒట్టేసి చెప్పలేను. నేను చేసినవాళ్లలో చాలామంది పిల్లలు బాగున్నారు. మందులు ఆ తర్వాత, బిడ్డ ఎదుగుదల చూసుకుంటూ ఎక్కిస్తాం. కాన్పు దాకా ఆగితే మాత్రం నీకే ముప్పు."

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రానికి కూడా ఒప్పుకోలు కాగితం మంచం మీద అలాగే పడి ఉంది. రెండు రాత్రుళ్లుగా కంటి మీద కునుకు లేని భర్త వరండాలో కుర్చీలోనే నిద్రలోకి జారుకున్నాడు. నర్సు వచ్చి, కోడలు ఎడమవైపు తిరిగి పడుకునేలా వీపు వెనక దిండు సర్ది వెళ్లింది.

"కాన్పయ్యాకే చేయించుకుంటానత్తయ్యా."

"సంతకం పెట్టు."

"లోపలి బిడ్డకేమైనా అయితే?"

"ముందు నువ్వు. బిడ్డ తర్వాత."

కోడలికి ఒళ్లు మండింది. "మీరూ ఒకణ్ణి కన్నారు కదా. ఆ మాట మీ నోటికెలా వచ్చింది?"

అత్తగారు జారిన దుప్పటిని కోడలి పాదాల మీదికి లాగింది. "మా అక్కదీ ఇదే జబ్బు, ఇదే పంతం," అంది. "బిడ్డ బయటపడ్డాకే కోతలంది."

"తర్వాత?"

"పదహారు రోజులుంది. ఎత్తుకునే ఓపిక లేదు. పక్కలో పడుకోబెట్టించుకుని చూస్తుండేది."

కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పెన్ను అడిగింది. సంతకం పెట్టి కాగితం ఆవిడ చేతికిచ్చింది.

"ఆ బిడ్డ ఏమైందత్తయ్యా?"

అత్తగారు లేచి, వరండాలోకి ఒకసారి తొంగిచూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.

"బయట కుర్చీలో నిద్రపోతున్నాడు."